జూన్‌లో పుట్టిన పిల్లలు

మా అమ్మాయికి పుట్టినరోజులు రెండు. ఒకటి మార్చిలో, అది పుట్టిన రోజు. రెండోది అంతకు ముందు ఏడాది జూన్‌లో, నేను రాసిన రోజు. రెండింటికీ మధ్య తొమ్మిది నెలలు. అంటే కాగితాల ప్రకారం అది నా కడుపున పడే నాటికే పుట్టేసిందన్నమాట. ఈ మాట చెప్పి తోటి టీచర్లని చాలాసార్లు నవ్వించాను. నవ్వినవాళ్ళలో ఒక్కరైనా ఇది ఎప్పటికైనా మెడకు చుట్టుకుంటుందే అని హెచ్చరించలేదు. హెచ్చరించినా నేను వినే రకం కాదు.

నేను సత్తెనపల్లి దగ్గర ఒక పల్లెలో ప్రాథమిక పాఠశాల టీచరుగా చేరాను. అప్పట్లో మాది ఇద్దరు టీచర్ల బడి. జూన్ రాగానే ఇల్లిల్లూ తిరిగి పిల్లల్ని చేర్పించుకోవాలి. తల్లులు పత్తి విత్తనాలు నాటే హడావుడిలో ఉండేవాళ్ళు. గట్టు మీద నిలబడి రిజిస్టరు తెరిచి అడిగేదాన్ని.

"మీవాడు ఎప్పుడు పుట్టాడమ్మా?"

"పత్తికి మందు కొట్టేటప్పుడండీ."

"ఏ ఏడాది?"

"మా మరిది పెళ్ళయిన ఏడాదండీ. పెళ్ళిలో వీడు నా ఒళ్ళోనే ఉన్నాడు."

ఆ మరిది పెళ్ళి ఎప్పుడయిందో ఆమెకీ తెలియదు, నాకూ తెలియదు. పిల్లాడి ఎత్తు చూసి, పళ్ళు చూసి, అయిదేళ్ళు నిండినట్టుగా జూన్‌లో ఒక తేదీ వేసేదాన్ని. నాకు ముందు పనిచేసినవాళ్ళూ అదే చేశారు. మా రిజిస్టరు చూస్తే ఆ ఊరి ఆడవాళ్ళందరూ మాట్లాడుకుని జూన్ నెలలోనే కన్నారనిపిస్తుంది. నాలుగున్నరేళ్ళ వాళ్ళు కూడా ఆ లెక్కలో అయిదేళ్ళ వాళ్ళయిపోయేవారు. పెద్దయ్యాక ఉద్యోగాలొచ్చిన ఒకరిద్దరు, రిటైర్మెంటు ముందే వస్తుందని గొణిగేవాళ్ళు. అంతకు మించిన నష్టం మాకెవరికీ కనిపించలేదు.

మా అమ్మాయికి నాలుగేళ్ళు దాటి మూడు నెలలయినప్పుడు మా బడిలో పిల్లలు తగ్గారు. ఊళ్ళోకి ప్రైవేటు స్కూలు బస్సు రావడం మొదలైంది. సంఖ్య ఇంకా తగ్గితే రెండో పోస్టు ఎత్తేస్తారని మండలంలో అనుకుంటున్నారు. ఆ రెండో పోస్టు నాది. నన్ను వినుకొండ అవతలికి వేస్తే ఇంటికీ బడికీ మధ్య నా బతుకంతా బస్సులోనే గడిచిపోతుంది. మా ఆయన పొలం వదిలి రాలేడు. పిల్ల అప్పటికే నాతో పాటు బడికి వచ్చి, ఒకటో తరగతి పిల్లల పక్కన కూర్చుని, మధ్యాహ్నం అన్నం తిని అక్కడే నిద్రపోయేది.

హెడ్‌మాస్టారు ఒకరోజు రిజిస్టరు నా ముందుకు తోసి, "ఎట్టాగూ వస్తానే ఉంది కదమ్మా, రాసెయ్యి. నీకూ మంచిది, బడికీ మంచిది," అన్నారు.

రాసేశాను. నా దస్తూరి బాగుంటుందని అందరూ అంటారు. ఆ తేదీ కూడా ముత్యాల్లాంటి అక్షరాలతోనే రాశాను. నా పోస్టు నిలబడింది. ఆ సాయంత్రం సంతోషంగా ఇంటికి వెళ్ళి పిల్లకి పలక కొనిచ్చాను.

ఆ ఏడాది దసరా సెలవుల్లో మా అక్క అమెరికా నుంచి ఫోన్ చేసింది. అక్క అక్కడ ఆసుపత్రిలో నర్సు. అప్పుడే ఆ దేశ పౌరసత్వం వచ్చింది. చెల్లెలి కుటుంబాన్ని రప్పించుకోవడానికి దరఖాస్తు పెడతానంది. చాలా ఏళ్ళు పడుతుందట, అయినా పెట్టి ఉంచితే మంచిదంది. ఒక్కొక్కరి వివరాలూ అడుగుతూ రాసుకుంటోంది.

"పిల్ల డేటాఫ్ బర్త్ చెప్పవే."

జూన్ తేదీ చెప్పాను.

"అదేంది, మార్చి కదా? కళ్ళంలో మిరపకాయల ఘాటుకి పురిటి మంచం మీద దగ్గుతా నాతో ఫోన్‌లో మాట్లాడావు. నాకు గుర్తులేదనుకున్నావా?"

"సర్టిఫికెట్‌లో ఉన్నదే రాయక్కా. రేపు దేనికైనా తేడా వచ్చిందంటే అన్నీ తిప్పలే."

"టీచరమ్మవి, నీకే తెలుసులే," అంది అక్క. రాసుకుంది.

నాకేం తెలుసని అలా అందో. ఆ క్షణంలో అక్క నా మాట వినకుండా తనకు తెలిసిన తేదీ రాసి ఉంటే ఎంత బాగుండేదా అని ఇప్పుడు అక్క మీద కూడా కోపం వస్తుంది. నా తప్పుకి ఇంకొకర్ని తిట్టుకోవడం నాకు మొదటి నుంచీ అలవాటే.

తర్వాత ఆ దరఖాస్తు సంగతి దాదాపు మరచిపోయాం. అమ్మాయి పదో తరగతికి వచ్చింది. పరీక్షలకి ముందు ప్రతి స్కూల్లోనూ పిల్లల పేర్లు, తల్లిదండ్రుల పేర్లు, పుట్టిన తేదీలు ఒక జాబితా రాసి బోర్డుకి పంపుతారు. పంపేముందు ఇంట్లో చూపించి సంతకం చేయించుకు రమ్మంటారు. ఒకసారి సర్టిఫికెట్‌లో పడిందంటే ఇక ఆ తేదీ మారడం జరిగే పని కాదు. అమ్మాయి ఆ కాగితం తెచ్చి నా ముందు పెట్టింది.

"అమ్మా, ఇప్పుడైతే మార్చుకోవచ్చంట. మా క్లాసులో ఇద్దరు మార్పించుకుంటున్నారు. నాది కూడా మార్చి నెల అని రాయించనా?"

ఆ ఏడాదే పక్క మండలంలో ఒక మాస్టారి మీద రిజిస్టర్లో లేని పిల్లల్ని ఉన్నట్టు రాశారని విచారణ నడుస్తోంది. మా అమ్మాయి తేదీ మార్చాలంటే మొదట చేర్చిన బడి రిజిస్టరు తీస్తారు. అందులో ఉన్నది నా దస్తూరి. తల్లివై ఉండి, టీచరువై ఉండి, నీ పోస్టు కోసం నీ పిల్ల వయసు పెంచి రాశావా అని అడిగితే ఏం చెప్పను?

"తేదీల జోలికి పోకూడదు," అన్నాను. "ఉన్నది ఉన్నట్టు ఉండనీ. సంతకం చేస్తా, ఇటివ్వు."

కాగితం ఇచ్చేసింది. అమ్మ టీచరు, అమ్మకి కాగితాల సంగతి తెలుసు అనుకుంది.

పుట్టిన సర్టిఫికెట్ దానికి అసలు లేదు. సత్తెనపల్లిలో అది పుట్టిన నర్సింగ్ హోమ్ వాళ్ళు మున్సిపాలిటీకి పంపారో లేదో, అక్కడ దాని పేరు దొరకలేదు. పాస్‌పోర్టు కోసం ఆలస్యపు నమోదు చేయించాం. పదో తరగతి సర్టిఫికెట్ చూసి జూన్ తేదీతోనే ఇచ్చారు. నేను గట్టు మీద నిలబడి పత్తి రైతుల పిల్లలకి వేసినట్టు వేసిన తేదీకి అలా ఒకదాని మీద ఒకటి ముద్రలు పడుతూ వచ్చాయి. ఒక్కో ముద్ర పడినప్పుడల్లా నాకు నిశ్చింతగా ఉండేది. అన్నిట్లో ఒకే తేదీ ఉంది కదా, ఇక ఏ తేడా రాదు అనుకునేదాన్ని.

డిగ్రీ అయ్యాక అమ్మాయికి అమెరికాలో పై చదువు చదవాలని పట్టుదల కలిగింది. నిజం చెప్పాలంటే మా ఇద్దరికీ ఆ దేశం మీద మోజు లేదు. మా ఆయనకి పొలం తప్ప ఇంకొకటి పట్టదు. మిరపకి నల్లతామర పురుగు వచ్చి రెండేళ్ళు వరసగా పూత రాలిపోయినా, మూడో ఏడు మళ్ళీ మిరపే వేసిన మనిషి ఆయన. వెళ్ళాలన్నది అమ్మాయి కోరిక. చదువు వీసాకి వెళ్తే, మీ పేరు వలస దరఖాస్తులో ఉంది కదా, చదువయ్యాక తిరిగొస్తారని నమ్మకమేంటి అని తిప్పి పంపారు. రెండుసార్లు అదే జవాబు. దానితో పెద్దమ్మ పెట్టిన దరఖాస్తు ఒక్కటే దానికి దారి అయింది.

అప్పుడే మొదటిసారి మేం ఆ నిబంధనలు కూర్చుని చదివాం. మాతో పాటు వెళ్ళాలంటే అది ఇరవై ఒక్క ఏళ్ళ లోపు ఉండాలి. పెళ్ళి కాకుండా ఉండాలి. అయితే మా కాగితం వాళ్ళ ఆఫీసులో ఏ నిర్ణయమూ కాకుండా పడి ఉన్న కాలాన్ని పిల్ల వయసులోంచి తగ్గిస్తారు. మాకు అది మూడేళ్ళు. అంటే అమ్మాయికి ఇరవై నాలుగు నిండేలోపు మా వంతు రావాలి. వంతు ఎంతవరకు వచ్చిందో నెలకొకసారి వాళ్ళు ఒక పట్టికలో పెడతారు. ఏ తేదీ వరకు పెట్టిన దరఖాస్తులు పిలుస్తారో అందులో ఉంటుంది.

మా ఇంట్లో ఆ పట్టిక కోసం ఎదురుచూడటం మొదలైంది. ఒక నెల మూడు వారాలు ముందుకు కదిలేది. ఒక నెల కదిలేదే కాదు. ఒకసారి వెనక్కి కూడా పోయింది, దాని కారణం ఎవరూ చెప్పలేదు. అమ్మాయి గోడ మీద క్యాలెండర్లో రాసుకునేది. మా ఆయన పొలం నుంచి వచ్చి కాళ్ళు కడుక్కుంటూ, "ఇయ్యాల ఏమన్నా జరిగిందా?" అని అడిగేవాడు. ఆ గొంతులో పూత నిలిచిందా లేదా అని కూలీలని అడిగే భయమే ఉండేది. ఇరవై నాలుగో ఏడు దగ్గరపడే కొద్దీ ఆ ప్రశ్న కూడా మానేశాడు.

ఈలోగా అమ్మాయికి మంగళగిరిలో ఒక ఆఫీసులో ఉద్యోగం వచ్చింది. అక్కడే పనిచేసే అబ్బాయితో పెళ్ళి అనుకున్నారు. చీరాల వైపు వాళ్ళు, ఇంట్లో మగ్గాలున్న కుటుంబం. అబ్బాయి నెమ్మదస్తుడు, నాకు నచ్చాడు. వాళ్ళమ్మ వేటపాలెం జీడిపప్పు పట్టుకుని మా ఇంటికి వచ్చింది. భోజనాలయ్యాక మెల్లగా అడిగింది.

"పెళ్ళి ఎప్పుడు పెట్టుకుందాం వదినగారూ? మా అత్తగారు మంచం మీద ఉంది. మనవడి పెళ్ళి చూస్తే చాలంటంది."

"జూన్ వరకు ఆగండి వదినగారూ," అన్నాను. "ఈ లోపు పెళ్ళయిందంటే పిల్ల పేరు కొట్టేస్తారు. వంతు వచ్చిందంటే వెళ్ళి స్థిరపడుతుంది, తర్వాత మీవాడినీ తీసుకుపోతుంది. జూన్ దాటితే మీ ఇష్టం."

"జూన్ వరకు ఆగుతాం," అంది ఆమె.

జూన్ వచ్చింది. మా వంతుకి ఇంకా రెండు నెలల దూరంలో పట్టిక ఆగిపోయింది. కాగితాల ప్రకారం మా అమ్మాయికి ఇరవై నాలుగేళ్ళు నిండాయి. ఆ రోజు సాయంత్రం అమ్మాయి వచ్చి, "ఇక వాళ్ళకి చెప్పేద్దామా అమ్మా, పెళ్ళికి?" అని అడిగింది. ఆ ముఖంలో బాధ ఉంది కానీ, ఒక రకమైన తేలిక కూడా ఉంది. నేను గమనించాను. గమనించి కూడా వద్దన్నాను.

"అసలు తేదీ ప్రకారం నీకింకా మార్చి దాకా టైముంది. పెద్దమ్మ లాయరుని అడుగుతోంది. కొంచెం ఆగు."

అక్క నిజంగానే అడిగింది. లాయరమ్మ మరునాడే జవాబు చెప్పింది. ఇన్నేళ్ళూ ఒక తేదీ చూపించి, వయసు దాటిపోయాక, తమకు లాభం కలిగేలా ఇంకో తేదీ తెస్తే మోసం అంటారు, ముగ్గురి దరఖాస్తూ పోతుంది, దాన్ని ముట్టుకోవద్దు అని చెప్పిందట. అక్క నాకు ఫోన్‌లో అక్షరం అక్షరం చెప్పింది. నేను అమ్మాయితో "లాయరు చూస్తోందట" అన్నాను.

ఎందుకు అబద్ధం చెప్పానంటే, నేను చేసింది నేనే దిద్దగలనని మొండి నమ్మకం. బడిలో పిల్లలు తప్పు రాస్తే ఎర్ర ఇంకుతో దిద్దినంత తేలిక అనుకున్నాను. అసలు తేదీకి గట్టి సాక్ష్యం దొరికితే ఏ లాయరైనా ఒప్పుకుంటుందని నాకు నేనే చెప్పుకున్నాను.

ఆ నర్సింగ్ హోమ్ ఉన్న చోట ఇప్పుడు సెల్‌ఫోన్ల షాపు ఉంది. డాక్టరమ్మ రిటైరై గుంటూరులో ఉంటోందని తెలిసి రెండు నెలలు ఆచూకీ తీశాను. చివరికి ఒక శనివారం ఆమె ఇల్లు పట్టుకున్నాను. ఆమె ఇనుప బీరువా నిండా పాత నోటు పుస్తకాలు, మధ్యలో కలరా ఉండలు. ఒక్కొక్కటే తీసి వేలితో వెతికింది. నా పేరు, మార్చి తేదీ, ఆడపిల్ల, ఉదయం పదకొండుంబావు. నీలం ఇంకు వెలిసిపోయినా స్పష్టంగానే ఉంది.

"ఇదిగో, నువ్వే. నొప్పులకంటే ఆస్పత్రి వెనక కళ్ళంలోంచి వచ్చే మిరపకాయ ఘాటుకే ఎక్కువ ఏడ్చావు," అంది డాక్టరమ్మ.

దానికి జిరాక్సు తీయించి ఆమె సంతకం చేయించుకుని బస్సెక్కాను. దారి పొడుగునా పత్తి చేలు పచ్చగా ఉన్నాయి. చాలా రోజుల తర్వాత కిటికీలోంచి బయటికి చూశాను. గెలిచేశాననుకున్నాను.

ఇంటికి వచ్చేసరికి అమ్మాయి వరండాలో కూర్చుని ఉంది. మంగళగిరి నుంచి పొద్దున్నే వచ్చేసిందట. నేను చెప్పులు విప్పుతూనే కాగితం చూపించబోయాను.

"వాళ్ళు తాంబూలాలు పుచ్చుకున్నారమ్మా," అంది.

"ఎవరు?"

"చీరాల వాళ్ళు. ఒంగోలు సంబంధమంట. వాళ్ళ నాయనమ్మ ఇంక ఆగేట్టు లేదంట. జూన్ అన్నారు, తర్వాత ఆగమన్నారు, ఎంతకాలమని చెప్పనూ లేదు, మేమేం చెయ్యాలి అన్నాడు. తప్పేం లేదు కదా వాళ్ళది."

నా చేతిలో కాగితం చూసి, "అదేంటి?" అంది. చెప్పాను. చదివింది. తను పుట్టిన గడియ అదే మొదటిసారి చూడటం. "సరే అమ్మా," అని మడిచి నాకే ఇచ్చి లోపలికి వెళ్ళిపోయింది.

సెప్టెంబరు మధ్యలో పట్టిక వచ్చింది. అక్టోబరుకి మా వంతు వచ్చేసింది. పద్దెనిమిది ఏళ్ళకి పైగా ఎదురుచూసిన గీత దాటాం. అమ్మాయి ఫోన్లో లెక్క వేసి, టేబుల్ మీద పెట్టింది. కాగితాల ప్రకారం నాలుగు నెలలు దాటిపోయింది. నిజంగా అయితే ఇంకా అయిదు నెలలు మిగిలి ఉంది. మా ఆయన ఆ ఫోను వంక చాలాసేపు చూసి, లేచి కండువా దులుపుకుని పొలానికి వెళ్ళిపోయాడు. ఆ టైములో పొలంలో పనేమీ లేదని నాకు తెలుసు.

మరునాడు ఉదయం అక్కకి ఫోన్ చేశాం. స్పీకరు పెట్టి, డాక్టరమ్మ పుస్తకం సంగతి నేను గబగబా చెప్పాను. అక్క ఆఖరిదాకా వినలేదు.

"ఎన్నిసార్లు చెప్పాలే నీకు? డేటు ముట్టుకోవద్దని జూన్‌లోనే చెప్పింది గదా లాయరమ్మ! నువ్వా కాగితం పంపితే స్కూల్లో రాసిందెవరని అడుగుతారు. తల్లే రాసిందని తెలిస్తే ఇంకేముంది? మీ ఇద్దరిదీ పోద్ది."

అమ్మాయి నా వైపు తిరిగింది. జూన్ అన్న మాట దగ్గరే ఆగిపోయిందని నాకు అర్థమైంది. నేను చాలామంది పిల్లల్ని నిలబెట్టి ప్రశ్నలు అడిగిన దాన్ని. నన్ను అలా నిలబెట్టిన మనిషి అదొక్కతే.

"జూన్‌లోనే తెలుసా నీకు?"

"తెలుసు."

"పదో క్లాసులో నేను మారుస్తానంటే ఎందుకు వద్దన్నావు?"

"రిజిస్టర్లో నా దస్తూరి ఉంది. నా పోస్టు పోకుండా నిన్ను ముందే చేర్చుకున్నాను. బయటపడితే ఉద్యోగం పోతుందేమోనని భయపడ్డాను."

"పోయేదా?"

"తెలీదు."

"ఎవరినన్నా అడిగావా?"

"లేదు."

అది అరిచి ఉంటే బాగుండేది. నేను కూడా అరిచేదాన్ని, మాకది అలవాటే. నాకు సిగ్గేసింది. కన్న పిల్ల ముందు అంత సిగ్గుపడాల్సి వస్తుందని నేనెప్పుడూ అనుకోలేదు. ఫోన్లో అక్కకి ఇదంతా వినిపించిందో లేదో, ఓదార్చే గొంతుతో అందుకుంది.

"చూడు తల్లీ, అమ్మా నాన్నా వచ్చెయ్యనీ. వాళ్ళకి గ్రీన్ కార్డు రాగానే నీకోసం వాళ్ళే మళ్ళీ దరఖాస్తు పెడతారు. ఇంత ఆలస్యం కాదులే. ఎనిమిదేళ్ళో, తొమ్మిదేళ్ళో. ఒక్కటే షరతు. అప్పటిదాకా నీకు పెళ్ళి మాత్రం కాకూడదు."

"కాదులే పెద్దమ్మా," అంది మా అమ్మాయి.

ఆ మాట అది చాలా మామూలుగా అంది. చీరాల సంగతి అక్కకి తెలియదు. నేను చెప్పలేదు.

మా ఆయన రానన్నాడు. "పిల్లని ఇక్కడ ఒంటరిగా వదిలి అక్కడికెళ్ళి మనం చేసేదేంది? నాకు అక్కడ పొలముందా?" అని కేకలు వేశాడు. ఆయన్ని ఒప్పించింది అమ్మాయే.

"మీరు వెళ్ళకపోతే నాకు ఆ దారి కూడా ఉండదు నాన్నా. వెళ్ళండి."

ఫిబ్రవరిలో ముంబైలోని అమెరికా ఆఫీసులో ఇంటర్వ్యూ అని ఉత్తరం వచ్చింది. రెండే పేర్లున్నాయి. ఫైలు సర్దింది అమ్మాయే. ఏ కాగితం వెనుక ఏది ఉండాలో నాకంటే దానికే బాగా తెలుసు. మేం బయల్దేరేనాటికి ఊళ్ళో మిరప కోతలు జరుగుతున్నాయి. ఈసారి మా చేలో కాయ బాగానే నిలబడింది. కోతలు మధ్యలో వదిలి మా ఆయన రైలెక్కాడు. పెళ్ళయ్యాక ఆయన అలా చేయడం అదే మొదటిసారి.

ముంబైలో అద్దాల కిటికీ ముందు నిలబెట్టారు. లోపల కుర్రాడిలాంటి ఆఫీసరు, పక్కన తెలుగు తెలిసిన అమ్మాయి. కుడి చెయ్యి పైకెత్తమన్నారు. చెప్పేదంతా నిజమేనని ప్రమాణం చేయించారు. నేను చెయ్యి ఎత్తాను, మా ఆయన ఎత్తాడు. మిరపకాయలు కోసి కోసి ఆయన వేళ్ళు ఎర్రబడి ఉన్నాయి.

అక్క గురించి అడిగారు. నా ఉద్యోగం గురించి అడిగారు. ఎన్నేళ్ళ సర్వీసు అంటే చెప్పాను. తర్వాత ఆఫీసరు కాగితం తిప్పి ఏదో అడిగాడు.

"మీకు పిల్లలెంతమంది అని అడుగుతున్నారండీ," అంది ఆ తెలుగమ్మాయి.

"ఒక అమ్మాయి."

"పుట్టిన తేదీ చెప్పండి."

మా ఆయన నా వైపు చూశాడు. ఇంట్లో లెక్క ప్రకారం దానికి ఆ రోజుకింకా ఇరవై నాలుగు నిండలేదు. మార్చి అని చెబితే నేనన్నది మొదటిసారి నిజం అవుతుంది, ఆ నిజంతో అన్నీ పోతాయి. ఒక్క క్షణం నాలుక మీదకి మార్చి నెలే వచ్చింది. జూన్ తేదీ చెప్పాను. తడబడలేదు. ఆఫీసరు తన దగ్గరున్న కాగితంతో సరిచూసుకుని, తల ఊపి, ఒక గీత గీశాడు. మీ ఇద్దరిదీ అయిపోయింది, పాస్‌పోర్టులు పోస్టులో వస్తాయి అన్నారు.

బయటికొచ్చి రోడ్డు పక్కన నిలబడి అమ్మాయికి ఫోన్ చేశాను. మా ఆయన కొంచెం దూరంగా గోడకి ఆనుకుని నిలబడ్డాడు. అది ఆఫీసులో ఉన్నట్టుంది, వెనక ఎవరివో మాటలు వినిపిస్తున్నాయి.

"అయిపోయిందా?"

"అయిపోయింది. ఇద్దరికీ వచ్చింది."

"నా గురించి అడిగారా?"

"అడిగారు. పుట్టిన తేదీ అడిగారు."

"ఏం చెప్పావు?"

"జూన్ అనే చెప్పాను."

వెనక మాటలు దూరమయ్యాయి, అది లేచి బయటికి నడిచినట్టుంది.

"మంచి పని చేశావమ్మా," అంది.